పేర్లు మార్చడమైనది

కిటికీ అద్దాల కోసం మునెవెర ఆ ఏడాది పదకొండు సంతకాలు పెట్టింది. పెళ్లికి ఒక్కటే పెట్టింది, అది ఇరవై నాలుగేళ్లు నడిచింది. అద్దాలకి పదకొండు పెట్టినా నాలుగు కిటికీల్లో ఇంకా ప్లాస్టిక్ పట్టాలే కొట్టుకుంటున్నాయి. పిండి బస్తాకి వేరే సంతకం, నూనె డబ్బాకి వేరే, పొగగొట్టానికి రెండు. యుద్ధం ఆగిన మూడేళ్లలో బ్రెస్తొవిక్ ఊరి జనం కొత్తగా నేర్చుకున్న విద్య ఏదైనా ఉందంటే, సాయం సంస్థల తెల్లకారు ఆగీ ఆగగానే “ఎక్కడ పెట్టమంటారు?” అని అడగడం. చదివి మరీ పెట్టేవాళ్లంటే ఊళ్లో కాస్త అనుమానం. వీళ్లకి పిండి అక్కర్లేదు కాబోలు అనుకునేవారు.

తెల్లకారుల్లో వచ్చేవాళ్లలో ఇంగున్ వేరు. నార్వే పిల్ల, ముప్పై నిండలేదు. మొదటిసారి వచ్చినప్పుడే గడప దగ్గర ఆగి, ఎవరూ చెప్పకుండా బూట్లు విప్పింది. అంతకుముందు అద్దాల ఇంజనీరు వచ్చాడు, పొగగొట్టాల ఇంజనీరు వచ్చాడు, మనసుల ఇంజనీరు కూడా ఒకాయన వచ్చి, భయం వేస్తోందా, నిద్ర పడుతోందా అని అడిగి రాసుకుపోయాడు. అందరూ బురద బూట్లతోనే మునెవెర అత్తగారి తివాచీ తొక్కారు. ఇంగున్ మేజోడుకి బొటనవేలి దగ్గర చిల్లు ఉంది. ఆ చిల్లు చూశాక ఆ పిల్లని పరాయిదానిలా చూడటం మునెవెరకి చేతకాలేదు. వారం తిరక్కుండా ఉన్ని మేజోళ్లు అల్లి ఇచ్చింది.

ఇంగున్‌కి దుబాసీ బెల్మా. కంచె అవతలింటి జుమ్ర కూతురు. ఇంగ్లీషు యుద్ధంలో నేలమాళిగలో కూర్చుని రేడియో విని నేర్చుకుంది. అందుకే ఏం మాట్లాడినా వార్తలు చదువుతున్నట్టుంటుంది. జుమ్ర, మునెవెర ముప్పై ఏళ్లుగా కంచె మీదుగా ఈస్టు, జల్లెడ, చాడీలు ఇచ్చిపుచ్చుకుంటున్నవాళ్లు. తొంభై రెండు జూన్‌లో కలప కోతమిల్లు నుంచి అవతలి పక్షంవాళ్లు ఏడుగురు మగవాళ్లని తీసుకెళ్లారు. అందులో ఒకడు మునెవెర భర్త నెజిర్. ఇంకొకడు జుమ్ర తమ్ముడు మిర్జెత్. మళ్లీ ఎవరూ రాలేదు. నదిలో పడేశారని ఊరంతా చెప్పుకున్నారు. ఆ రోజునుంచి మునెవెర చేప ముట్టలేదు. జుమ్ర మాత్రం చిన్న చేపలైతే కొనేది. ఇవి యుద్ధం అయ్యాక పుట్టినవిలే అనేది.

నెజిర్ నదిలో లేడన్న సంగతి మునెవెరకి ఆరేళ్ల తరవాత, ఈ అద్దాల సంతకాల ఏడాది జూన్‌లో తెలిసింది.

ఊరికి రెండు కిలోమీటర్ల దిగువన, యుద్ధం ఆగినప్పుడు గీసిన గీత. గీతకి ఇవతల మనవాళ్లు, అవతల వాళ్లు. గీత మీద ఆదివారం ఆదివారం సంత. కాల్చుకోవడం అయిపోయాక రెండు వైపులవాళ్లూ కలిసి చేసిన మొదటి పని బేరాలాడుకోవడం. మునెవెర మిరపనారు కొనడానికి వెళ్లి, గొడ్డలికి వేసే కర్ర కామలు అమ్ముకుంటున్న రాతొమిర్‌ని చూసింది. నెజిర్‌తో పాటు మిల్లులో పదిహేనేళ్లు పనిచేసినవాడు. మిల్లు ట్రాక్టరు నడిపేవాడు. ఎడమకాలు ఈడుస్తూ నడుస్తాడు. ఒకప్పుడు పండగకి వీళ్లింటికి వచ్చి, కుంకుడుగింజంత చక్కెరపాకం కూడా వదలకుండా బక్లావా మిఠాయి పళ్లెం తుడిచేసి పోయేవాడు. ఆవిడ తల తిప్పుకుని పోబోయింది. అతను చేతిలో కామని చూస్తూ, బేరం చెప్పే గొంతుతోనే అన్నాడు.

“వదినా, నెజిర్ నదిలో లేడు. నదిలో వెతక్కు.”

మునెవెర కూడా ఒక కామ తీసి పట్టుకుని, గట్టిదేనా అని చూస్తున్నట్టు నిలబడింది. మిగతాది అలాగే విన్నది. ఆ రోజు అతని మెడ మీద తుపాకి పెట్టి ట్రాక్టరు తోలించారు. వెనక బండిలో ఏడుగురున్నారు. రాతొమిర్ వాళ్ల ఊరి పైన కొండమీద పాత సున్నపు బట్టీ ఉంది, దాని వెనక పాతిపెట్టారు. చోటు తనకి తెలుసు, కానీ ఎండాకాలం అక్కడ తుప్పలు నడుమెత్తు ఉంటాయి. ఆకు రాలాక, అక్టోబరులో కట్టెలకని వెళ్లి ఒక చెట్టుకి గాటు పెట్టి వస్తానన్నాడు. కొండంతా మందుపాతరలు. చోటు కచ్చితంగా తెలిస్తే తప్ప ఎవరూ పలుగు వెయ్యరు.

“అక్టోబరు మొదటి ఆదివారం రా. ఏ చెట్టో చెప్తాను. ఆ పైన ఎవర్ని పిలిచి తవ్వించుకుంటావో నీ ఇష్టం,” అన్నాడు. “నా పేరు మాత్రం నీ తలగడకి కూడా చెప్పొద్దు వదినా. ఆ పని చేసినవాళ్లు మా వీధిలోనే ఉన్నారు. ఒకడు ఇప్పుడు పోలీసు.”

మునెవెర కామ కొనుక్కుని ఇంటికొచ్చింది. ఇంట్లో గొడ్డలి లేదు.

ఆ మాట కడుపులో పెట్టుకుని జూన్ గడిపింది, జులై గడిపింది. జుమ్రకి చెప్పాలని రోజుకి పదిసార్లు కంచె దాకా వెళ్లేది. జుమ్రకి చెబితే ఏమవుతుందో ఆవిడకి తెలుసు. ఆ పూటే పార పట్టుకుని కొండెక్కుతుంది. కాలు పాతర మీద వెయ్యకుండా బతికి బయటపడితే, సరాసరి రాతొమిర్ గుమ్మం ముందు కూర్చుంటుంది. మనసులో ఉన్నది మొహం మీద ఉతికిన బట్టలా ఆరేసుకునే మనిషి. ఈస్టు అడిగి తెచ్చుకుని వెనక్కి వచ్చేసేది.

ఇంగున్ అప్పటికి రోజు విడిచి రోజు వచ్చేది. కొన్నిసార్లు బెల్మా లేకుండానే. ఆ భాష మూడేళ్ల పిల్లలా మాట్లాడేది, ఏడేళ్ల పిల్లలా అర్థం చేసుకునేది. మునెవెరని పిన్నీ అనేది. రొట్టె పిండిని బల్లంతా పరుచుకునేట్టు, అవతల పేపరు చదవగలిగేంత పలచగా లాగడం నేర్చుకుంది. చిల్లు పడ్డప్పుడల్లా నాలుక బయటపెట్టేది. ఆగస్టులో ఒకరోజు బెల్మాతో వచ్చి, పొగగొట్టం కాగితం, దాని కింద ఇంకో కాగితం బల్లమీద పెట్టింది. మీ మాటలూ ఫొటోలూ మా సంస్థ వాడుకోవచ్చని ఇది అత్తా, అని బెల్మా వార్తలు చదివింది. మునెవెర చేతులకి పిండి. “ఎక్కడ పెట్టమంటారు?” అంది.

ఆ తరవాతి వారం ఇంగున్ ఒక్కతే వచ్చింది. మొదటి కప్పు కాఫీకి ఎవరైనా అర్హులే, పోస్టుమాన్ కూడా. రెండో కప్పు పోశారంటే మనిషిని ఇంట్లో కలుపుకున్నట్టు. రెండో కప్పు పోస్తుంటే ఇంగున్ నోటుపుస్తకం మూసి, పెన్ను జేబులో పెట్టి, సంచి బల్లకింద పడేసింది. ఆ ఊళ్లో మనుషుల ప్రాణాలు తీసింది ముందు జాబితాలు, తరవాత తుపాకులు. ఎదుటివాడు పెన్ను జేబులో పెట్టాడంటే బ్రెస్తొవిక్‌లో ఎవరికైనా ఒకటే అర్థం. ఇది ఈ గది దాటదని ఒట్టు పెట్టినట్టు. మునెవెరకి వేరే అర్థం ఉంటుందని తోచనుకూడా లేదు.

ఇంగున్ చక్కెరబిళ్ల కాఫీలో ముంచుతూ వాళ్ల నాన్న గురించి చెప్పింది. చేపల పడవ మీద వెళ్లాడు, పడవ దొరికింది, ఆయన దొరకలేదు, అప్పుడు తనకి తొమ్మిదేళ్లు. ఖాళీ పెట్టె పాతిపెట్టారట. “అమ్మ ఇప్పుడు కూడా చేప తినదు,” అంది. మునెవెర కప్పు కింద పెట్టేసింది. ఈ పిల్లకి ఇవతలి వైపూ లేదు, అవతలి వైపూ లేదు, ఏడాది పోతే ఊళ్లోనే ఉండదు, చేప సంగతి మాత్రం తెలుసు. చెప్పేసింది. చిన్నపిల్లకి చెప్పినట్టు చిన్న చిన్న ముక్కలు చేసి, చేతులతో ట్రాక్టరు తోలి చూపించి, కాలు ఈడ్చి చూపించి, అక్టోబరు వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పింది. ఇంగున్‌కి అంతా సరిగ్గానే అర్థమైంది. అదే వచ్చిన చిక్కు. ఇద్దరూ ఏడ్చారు. మూడు నెలల తరవాత ఆవేళ మునెవెర మధ్యాహ్నం పడుకుంటే కునుకు పట్టింది.

అద్దాలు పదకొండు నెలలైనా రాలేదు గాని, పుస్తకం నెల తిరక్కుండా వచ్చింది.

సెప్టెంబరు ఆఖరి బుధవారం బెల్మా కంచె దగ్గరనుంచే చెయ్యి ఊపుకుంటూ వచ్చింది. అత్తా, నీ ఫొటో. నున్నటి కాగితం, రంగుల అట్ట. ‘పొరుగు వెలుగులు’ అని పేరు. లోపల ఒకే సంగతిని మూడు భాషల పేర్లతో మూడుసార్లు అచ్చేశారు, యుద్ధం చేసిన మూడు పక్షాల్లో ఎవరి మనసూ నొచ్చుకోకుండా. పన్నెండో పేజీలో మునెవెర పిండి లాగుతోంది. నిజం చెప్పాలంటే ఫొటో బాగా వచ్చింది. ఆ కాస్సేపూ మునెవెరకి సంతోషమే వేసింది. గడ్డం కింద మడత కనపడలేదు.

బెల్మా చదవడం మొదలుపెట్టింది. ‘ఫాతిమా (పేరు మార్చడమైనది) తన భర్త కోసం ఆరేళ్లుగా ఎదురుచూస్తోంది. అవతలి పక్షానికి చెందిన జోవన్ (పేరు మార్చడమైనది) బ్రెస్తొవిక్ కోతమిల్లులో ఎర్ర ట్రాక్టరు నడిపేవాడు. ఎడమకాలు ఈడ్చి నడిచే ఈ సాదాసీదా మనిషి ఒక ఆదివారం సంతలో ద్వేషపు గోడ దాటి...’ అక్కడనుంచి బెల్మా వార్తల గొంతు సన్నబడిపోయింది. సున్నపు బట్టీ దగ్గర ఒకసారి ఆగింది. ‘ఏడుగురు’ దగ్గర పూర్తిగా ఆగిపోయింది.

“అత్తా,” అంది. “మా మిర్జెత్ మావయ్య కూడానా?”

మునెవెర ఇంకా ట్రాక్టరు దగ్గరే ఉంది. మిల్లుకి ఉన్నది ఒకటే ట్రాక్టరు. దాన్ని నడిపింది ఒక్కడే. ఆ ఒక్కడికీ ఉన్నది ఒకటే కుంటికాలు. పేరొక్కటి తప్ప అన్నీ ఉంచేశారు. ఇంటికి దొంగ రాకుండా తలుపు మీద పేరు చెరిపేసి, తలుపు తీసి ఉంచినట్టుంది.

బెల్మా పుస్తకం ఒళ్లో పెట్టుకుని, అనువాదం తనది కాదనీ, రాజధానిలో పెద్దాఫీసులో చేశారనీ, తనకి చూపించనే లేదనీ గబగబా చెప్పుకుపోయింది. శిక్షణలో తనూ కూర్చుందట. అక్కడ వాళ్లకి ఇచ్చే కాగితంలో రాసి ఉంటుందిట, ఎదుటివాళ్లు నోరు విప్పాలంటే ముందు మన కష్టం ఒకటి చెప్పాలని. బెల్మా మామూలుగానే అంది. మునెవెర చెయ్యి బల్లమీదే ఉండిపోయింది. ఇంగున్ నాన్న నిజంగా సముద్రంలో పోయాడా అని ఆ రోజు అడగలేదు. ఆ తరవాతా ఎప్పుడూ అడగలేదు.

మర్నాడు మునిసిపాలిటీ మేడమీద ఉన్న ఇంగున్ ఆఫీసుకి వెళ్లింది. ఆ పిల్ల లేచి వచ్చి కావలించుకుంది. గోడ పక్కన అట్టపెట్టెల్లో పుస్తకాలున్నాయి. రెండు పెట్టెలు సోమవారమే గీత దాటి వెళ్లాయట, అవతలి మునిసిపాలిటీకి, అక్కడి బడులకి. వాళ్లు కూడా చదవాలి కదా, అందుకే కదా ఇది, అంది ఇంగున్. మొహం వెలిగిపోతోంది. అది చూసి మునెవెర తెచ్చుకున్న తిట్లన్నీ తెచ్చుకున్నట్టే ఉండిపోయాయి. మనిషి దొంగతనం చేస్తూ దొరికితే తిట్టొచ్చు. కానుక ఇస్తూ దొరికితే ఏం తిడతాం.

మాట్లాడింది బెల్మా గొంతుతోనే గాని, బెల్మా కళ్లు ఇద్దరిలో ఎవరివైపూ లేవు.

“పుస్తకం మూసేశావు కదమ్మా. పెన్ను జేబులో పెట్టావు. నేను చూశాను,” అంది మునెవెర.

“మీరు ఇబ్బంది పడకూడదని మూశాను పిన్నీ. సాయంత్రం గదికెళ్లి, గుర్తున్నంతా రాసుకున్నాను. ఒక్క మాట తప్పు రాయలేదు.”

“తప్పు రాసినా బాగుండేది.”

ఇంగున్ బెల్మా వైపు చూసింది, మాట సరిగ్గా వచ్చిందా అని. వచ్చింది. పేర్లు మార్చాం కదా అంది. మునెవెర ఒకటే ట్రాక్టరు సంగతి చెప్పింది. ఇంగున్ మొహంలో వెలుగు కొంచెం కొంచెంగా తగ్గింది. మిల్లు అన్నారు గదా, పెద్ద మిల్లు అనుకున్నాను అంది. తరవాత ఆ పిల్ల భయపడింది. భయపడ్డవాళ్లు చేసే పనే చేసింది, సొరుగు తీసి కాగితం బయటపెట్టింది. కింద మునెవెర సంతకం, పక్కన పిండి మరక.

“మీరు ఒప్పుకున్నారు,” అంది మెల్లిగా. అది బెల్మా చెప్పలేదు. ఇంగున్ సొంతంగానే, చక్కగా, ఒక్క తప్పు లేకుండా అంది.

మునెవెర ఆ కాగితం చేతిలోకి తీసుకుంది. తన సంతకమే. ఇందులో ఆ పిల్ల మోసం ఎంతో, తన బుద్ధితక్కువ ఎంతో విడదీసి చూడబోతే పిండీ నీళ్లూ విడదీసినట్టే ఉంది. ఆ పెట్టెలు వెనక్కి తెప్పించమని మాత్రం అడిగింది. పై ఆఫీసుని అడగాలి, పై ఆఫీసు సోమవారం తెరుస్తుంది అంది ఇంగున్.

కంచె అవతల నాలుగు రోజులు అలికిడి లేదు. జుమ్ర బట్టలు పెరట్లో కాకుండా వసారాలో ఆరేసుకుంది.

ఆదివారం సంతకి వెళ్లింది. వెళ్లకూడదని తెలుసు, అయినా అక్టోబరు మొదటి ఆదివారం అది. గొడ్డలి కామల దగ్గర రాతొమిర్ లేడు. అతని భార్య స్తోయాంక ఉంది, నల్లగుడ్డ తలకి బిగించి కట్టుకుని. మునెవెరని చూసి లేవలేదు. ఒకప్పుడు వీళ్లిద్దరూ ఒక చలికాలమంతా ఒకే కుట్టుమిషను మీద పిల్లల కోట్లు కుట్టారు.

“రాతొమిర్...” అంది మునెవెర.

“లేడు. మంచం మీద ఉన్నాడు. పక్కటెముకలు రెండు.” స్తోయాంక కామల్ని వరసగా సర్దుతూ ఉంది. “మీ పుస్తకం మా సారాకొట్లో పైకి చదివించారు. ఆయన్ని నిలబెట్టి, ఆయన చేతే చదివించారు. నా కాలు గురించి కూడా ఎంత బాగా రాశారో చూడవే అన్నాడు ఇంటికొచ్చి. నవ్వుతున్నాడు, పళ్లలో నెత్తురు.”

“నేను రాయలేదు స్తోయాంకా.”

“నీ ఫొటో ఉంది.”

వెనకనుంచి ఎవరో బేరం అడిగారు, స్తోయాంక ధర చెప్పి పంపేసింది. తరవాత ఎవరివైపూ చూడకుండా, తక్కువ గొంతుతో మాట్లాడింది. ఆ ముసల్ది కట్టుకథ అల్లింది, నాకేం తెలీదు అని రాతొమిర్ వాళ్లకి ఒట్టేసి చెప్పాడట. సగం నమ్మారు. మిగతా సగం నమ్మాలంటే ఆ మాట మునెవెర నోటినుంచి రావాలి. అధికారుల ముందు, నలుగురికీ తెలిసేట్టు.

“మరి ఆ చోటు?” అంది మునెవెర. అడక్కూడదనుకుంటూనే అడిగింది. “గాటు పెట్టాడా?”

స్తోయాంక అప్పుడు మొదటిసారి తలెత్తి చూసింది.

“మీ ఆయన ఎముకల కోసం మా ఆయన ఎముకలు అడక్కు,” అంది.

మంగళవారం తెల్లకార్లు రెండు వచ్చాయి. ఇంగున్, బెల్మా, టై కట్టుకున్న ఒక పెద్దమనిషి. ఆయన తప్పిపోయినవాళ్ల కమిషన్ ఆఫీసరు. పుస్తకం చదివాడట. ఇంగున్ రెండు రాత్రులుగా నిద్ర లేనట్టుంది, కళ్లు లోతుకుపోయాయి, అయినా ఏదో మంచి జరగబోతోందన్న ఆశ ఆ మొహంలో మళ్లీ వచ్చింది. వాంగ్మూలం ఇవ్వు పిన్నీ, పేరు చెప్పు, వీళ్లు అతన్ని పిలిపిస్తారు, చట్టం ఉంది, చోటు చూపించక తప్పదు, కాపాడతారు కూడా, అని బెల్మా చేత చెప్పించింది. ఎలా కాపాడతారని మునెవెర అడిగింది. ఆఫీసరు అతని ఊళ్లో స్థానిక పోలీసులకి ఉత్తరం రాస్తామన్నాడు.

మునెవెర కాఫీ పెట్టింది. అందరికీ ఒక్కో కప్పే పోసి, గిన్నె తీసుకెళ్లి పొయ్యి పక్కన పెట్టేసింది. పొయ్యి దగ్గర నిలబడ్డ ఆ కాస్సేపే ఆలోచించుకోవడానికి దొరికింది. ఒక్క పేరు. ఆ పేరు చెబితే వారం పదిరోజుల్లో కొండమీద పలుగు దిగుతుందేమో. నెజిర్‌ని కడిగించి, తెల్లగుడ్డ చుట్టించి, ఊరి పైన వాళ్లమ్మ పక్కన పడుకోబెట్టొచ్చు. ఆరేళ్లుగా ఆవిడ అడుగుతున్నది అంతే, ఇంకేం అడగలేదు. కిటికీలు కూడా వాళ్లే ఇస్తామంటే సంతకం పెట్టింది. చెప్పకపోతే ఆ కొండ అలాగే ఉంటుంది, నెజిర్ అలాగే ఉంటాడు. చెబితే వాళ్ల వీధి పోలీసుకి ఉత్తరం వెళుతుంది.

చేతులు తుడుచుకుని వచ్చి కూర్చుంది.

“అదంతా అబద్ధం,” అంది. “నేనే అల్లాను.”

బెల్మా అనువాదం చెయ్యలేదు. మునెవెర మళ్లీ అంది, చెయ్యమని కళ్లతో చెప్పింది. సంతలో ఎవరూ ఏమీ చెప్పలేదు. ట్రాక్టరు తోలినవాడితో యుద్ధం ముందెప్పుడో మాట్లాడినదే. బట్టీ చిన్నప్పుడు చూసింది, గుర్తొచ్చింది. మరి ఎందుకు చెప్పారని ఆఫీసరు అడిగాడు.

“ఈ పిల్ల రోజూ వచ్చి కూర్చునేది. అవతలి వైపు మంచివాడొకడైనా ఉన్నాడా అని అడిగేది. వెతుక్కుంటున్నట్టుండేది పాపం. ఇంటికొచ్చిన పిల్లని వట్టి చేతుల్తో ఎలా పంపను? అద్దాలు కూడా త్వరగా వస్తాయనుకున్నాను.”

ఆఖరి మాట ఆలోచించి వేసింది. అద్దాల కోసం అబద్ధమాడిందంటే ఎవరైనా నమ్ముతారు. ఆఫీసరు నమ్మాడు, రాసుకున్నాడు, సంతకం అడిగాడు. అద్దాల లెక్కలో పన్నెండోది. ఈసారి బెల్మా చేత చదివించుకుని పెట్టింది.

ఇంగున్ బల్లకి అవతల కూర్చునే ఉంది. ఆఫీసరు లేచాక కూడా లేవలేదు. మునెవెర చెయ్యి పట్టుకుని, తన సొంత మాటల్తోనే అడిగింది. “పిన్నీ. నువ్వు ఏడ్చావు. నేను ఏడ్చాను. అది అబద్ధమా?”

చెయ్యి వెనక్కి లాక్కోవాలనిపించలేదు మునెవెరకి. అదే విచిత్రం. ఆ పిల్ల పెదవి వణుకుతుంటే అలవాటుగా జేబులో రుమాలు వెతికింది. రుమాలు ఇచ్చింది కూడా.

“అబద్ధమే తల్లీ. మా దగ్గర అందరం బాగా ఏడుస్తాం.”

ఇంగున్ చెయ్యి వదిలేసింది. మోసపోయిన మొహం ఎలా ఉంటుందో మునెవెర వారంరోజులుగా అద్దంలో చూస్తోంది, ఇప్పుడు బల్లకి అవతల చూసింది. తన మొహంకన్నా చిన్నది, ఇంకా లేతది. జాలేసింది. కొంచెం, చాలా కొంచెం, కడుపు చల్లబడింది కూడా. అందుకు సిగ్గుపడింది. పుస్తకం వెనక్కి తెప్పించారని, ఇంగున్‌ని నెలాఖరుకి వేరే దేశం పంపేశారని తరవాత తెలిసింది. ఆవేళ కార్లు కదలబోతుంటే బెల్మా ఒక్క నిమిషం వెనకబడి, అత్తా అని ఏదో అనబోయి, హారను మోగితే పరిగెత్తింది.

మాట సాయంత్రానికి ఊరంతా పాకింది, గీత కూడా దాటి ఉంటుంది. దాటాలనే కదా చెప్పింది. మునెవెర అలా సరిపెట్టుకుంటూ వంకాయలు కాలుస్తుంటే జుమ్ర వచ్చింది. తలుపు కొట్టి వచ్చింది. ముప్పై ఏళ్లలో ఎప్పుడూ కొట్టలేదు.

కూర్చోలేదు. పుస్తకం చేతిలో ఉంది, పన్నెండో పేజీ దగ్గర వేలు పెట్టుకుని.

“అక్కా, ఒక్కటి అడుగుతాను. ఆ పిల్లకి చెప్పింది అబద్ధమా, టై కట్టుకున్నాయనకి చెప్పింది అబద్ధమా?”

మునెవెర ఈ ప్రశ్న వస్తుందనుకుంది. ఆఫీసరుకి చెప్పడం సులువు, ఆయన కాఫీ తాగి పోయేవాడు. జుమ్ర వెనక తెరిచిన తలుపులోంచి దూరంగా కొండ కనిపిస్తోంది. అటు చూడకూడదని పొయ్యి మీద వంకాయ తిప్పింది. నిజం చెబితే జుమ్ర రేపు పొద్దునకి కొండమీద ఉంటుంది, లేదా స్తోయాంక గుమ్మంలో ఉంటుంది. పక్కటెముకలు ఇంకా చాలా ఉన్నాయి మనిషికి.

“ఆ పిల్లకి చెప్పిందే అబద్ధం,” అంది.

“బట్టీ?”

“బట్టీ ఉంది. దాని వెనక ఎవరూ లేరు.”

వంకాయ చర్మం పగిలి పొగ వచ్చింది. మునెవెర తియ్యలేదు.

“నీ మొగుడి పేరు పెట్టి అల్లుకున్నావు, సరే. నీ మొగుడు, నీ ఇష్టం,” అంది జుమ్ర. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేదనిపించింది మునెవెరకి. “ఏడుగురని ఎందుకన్నావు? ఆరు రోజులు నేను వాణ్ణి ఆ కొండమీద పడుకోబెట్టుకున్నాను అక్కా. బెల్మా పార దాచెయ్యకపోతే ఎక్కేసేదాన్నే. వాన పడితే తడుస్తున్నాడనుకున్నాను. నాకు చెప్పకుండా దానికి చెప్పావని నీ మీద కోపం కూడా వచ్చింది. ఇప్పుడు మళ్లీ నీళ్లలో వెయ్యమంటావా?”

మునెవెర నోరు తెరిచింది. ఆ క్షణం చెప్పెయ్యడానికే తెరిచింది. కొండ, తుప్పలు, గాటు, అన్నీ నాలుక చివరకొచ్చాయి.

“ఏడుగురంటే బాగుంటుందనిపించింది,” అంది. “కథకి.”

జుమ్ర పుస్తకం బల్లమీద పెట్టింది. అట్ట నలగకుండా, ఎవరిదో తిరిగిచ్చేస్తున్నట్టు జాగ్రత్తగా పెట్టి, తలుపు దగ్గరగా వేసి వెళ్లింది.

మర్నాడు పొద్దున గాలి వీచింది. మునెవెర పెరట్లో ఆరేసిన దుప్పటి ఎగిరి కంచె అవతల పడింది. ఆవిడ వెళ్లేసరికి జుమ్ర దాన్ని దులిపి, మడతపెట్టి, కంచె మీద వేస్తోంది.

“మీ దుప్పటి మా వైపు పడిందండీ,” అంది జుమ్ర. “తీసుకోండి.”

“అలాగేనండీ,” అంది మునెవెర.